గాజు గిలాస

మైసూరు,
14 జులై 2013

అత్తమ్మా,

నమస్కారం అని రాస్తే నవ్వుతావు. కాళ్ళు మొక్కుతున్నానంటే ‘లే, నకరాలు చేయకు’ అంటావు. అందుకే ఉత్త పిలుపుతోనే మొదలుపెడుతున్నాను.

హాస్టల్ బాగానే ఉంది. సాంబారులో బెల్లం వేస్తున్నారు, అదొక్కటే కష్టం. నువ్వు కట్టిచ్చిన కారప్పొడి సీసా దిండు పక్కనే పెట్టుకున్నాను. గదిలో నాతో ఉండే అమ్మాయిలిద్దరూ నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నవాళ్ళు. నన్ను అక్కా అనాలా, ఆంటీ అనాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడి చివరికి ‘మేడమ్’ దగ్గర ఆగారు.

ముప్పై ఏళ్ళకు మళ్ళీ చదువేమిటని అందరూ మొహం మీదే అన్నారు. నువ్వొక్కదానివే ‘పో బిడ్డా’ అన్నావు. మీర్‌పేట్ బడిలో ఆరేళ్ళపాటు, పెన్సిల్ పట్టడం రాని పసిపిల్లల వేళ్ళు పట్టుకుని బలవంతంగా దిద్దించి దిద్దించి, ఒక రోజు నీ అంగన్‌వాడీ సెంటర్‌కు వచ్చి నీ ఒళ్ళో పడి ఏడ్చాను. అమ్మ పోయాక నేను పెరిగింది కూడా ఆ ఒక్క గదిలోనే కదా. ఏడవడానికైనా అక్కడికే రావాలి.

ఇక్కడ చదివేది ఏమిటని అడిగావు. మాంటిస్సోరి పద్ధతిలో మాస్టర్స్. పిల్లలకు చెప్పడం కాదు, పిల్లలకు చెప్పే టీచర్లను తయారుచేయడం. రెండేళ్ళు. మేము చూసి నేర్చుకోవడానికి కాలేజీ ఆవరణలోనే ఒక చిన్న బడి పెట్టారు.

అత్తమ్మా, ఆ బడిని నువ్వు చూడాలి! మూడేళ్ళ పిల్లలు పొద్దున రాగానే పని మొదలుపెడతారు. మూడు గంటలు ఏకధాటిగా పని. ఒకడు దోసకాయ కోస్తాడు, ఒకతి గిన్నెలు కడుగుతుంది, ఇంకొకతి బల్లలు తుడుస్తుంది. గాజు కూజాతో గాజు గ్లాసుల్లోకి నీళ్ళు వంపుతారు. ప్లాస్టిక్ కాదు, నిజం గాజు! టీచరు సాయం చేయకూడదు. పక్కన కూర్చుని చూస్తూ రాసుకోవాలి, అంతే. నువ్వైతే అక్కడ ఒక్క నిమిషం ఉండలేవు. గాజు గ్లాసంటేనే నీకు పడదు, మా ఇంట్లో చాయ్ కూడా స్టీలు గిలాసలోనే కావాలంటావు.

ఉత్తరమే రాయి. ఫోన్‌లో మనం అరుచుకుంటే హాస్టల్ అంతా లేస్తోంది. నీ తమ్ముడితో, అదే మా బాపుతో, కబురు మాత్రం పంపకు. ఆయన అన్నీ తలకిందులుగా చేరవేస్తాడు.

నీ కోడలు,
అరుణ


ఇబ్రహీంపట్నం,
28 జులై 2013

కోడలా,

కాయితం అందింది. నువ్వు మంచిగున్నవని సంతోషం. మిగతా సంగతికి మాత్రం నాకు బగ్గ కోపమొచ్చింది. ముందుగాలనే చెప్తున్న.

మొదలు మీ బాపు ముచ్చట. ఆదిభట్లల కంపిని బస్సు దిగి ఇంటికొచ్చి, నీతోటి ఫోన్ల మాట్లాడి, నాకు మూతితోటి, చేతులతోటి చెప్తడు. నా చెవి మిషన్ పెట్టుకుంటే కీచుమంటది, తీసేస్తే ఏం ఇనపడది. మొన్న ‘అరుణకు జరమొచ్చింది’ అన్నడనుకుని ఏడ్సుడు షురూ జేసిన. పక్కింటి రజియా బేగం గూడ నన్ను చూసి ఏడ్సింది. గంటకు తెల్సింది. జరం గాదట, జడ కత్తిరించుకున్నవట! ఎందుకే పిల్లా? ఎంత పొడుగుండె.

ఇగ అసలు సంగతి. పొద్దుగాల రాంగనే పని. మూడు గంటలు పని. గిన్నెలు తోముడు, బల్లలు తుడుసుడు. పక్కనున్న పెద్దమనిషి సాయం జేయద్దు, నిలబడి రాసుకోవాలె. అది బడా, ఇటుక బట్టీనా? ఫీజులు కట్టి మరీ పిల్లలను పనికి తోలుతున్నరా ఆ ఊరోళ్ళు? నువ్వేమో ‘అత్తమ్మా నువ్వు చూడాలి’ అని మురుసుకుంట రాస్తివి.

నా సెంటర్ గోడ మీద నీలి రంగుతోటి ఏం రాసున్నదో మర్చిపోయినవా? నేను డబ్బా పట్టుకుంటే పదేండ్ల పిల్లవు, నువ్వే కుంచె పట్టుకుని రాసినవ్. ‘పిల్లలతో పని చేయించరాదు’. ఇరవై ఏడేండ్ల సంది నేను చేసిన కొలువు గదే. పత్తి చేన్ల కాడికి పోయి, బట్టీల కాడికి పోయి, తల్లులతోటి కొట్లాడి, తిట్లు తిని, ఒక్కొక్క పోరిని చెయ్యి పట్టుకుని గుంజుకొచ్చిన. ఇప్పుడు ఆ చేన్లల్ల పచ్చ జెండాలు పాతి ప్లాట్లు చేసిన్రు గాని, అప్పుడు ఎట్లుండెనో నీకెర్కనే. నా ఇంటి పిల్లనే పెద్ద చదువని పోయి గిది నేర్చుకుంటున్నదా?

సెంటర్ల పన్నెండు మంది ఉన్నరు. రజియా బేగం మనుమరాలు మెహెక్ కొత్తగ వస్తున్నది. నాలుగేండ్లు. తల్లి ఆదిభట్లల ఆఫీసులు ఊడ్సే పనికి పోతది. ఈ పొల్ల ఒక్క మాట మాట్లాడది. నానమ్మ పోయిన తొవ్వ దిక్కే చూస్కుంట తలుపు కాడ కూసుంటది. గుడ్డు ఇస్తే చేతుల పట్టుకుంటది, తినది.

నీ తెలుగుకేమైంది? ‘పెట్టుకున్నాను, ఏడ్చాను’ అని రాసినవ్. రేడియోల వార్తలు చదివినట్టున్నది.

ఫికర్ చేయకు. మంచిగ తిను. ఆ బడి సంగతి మాత్రం నాకు జవాబు కావాలె.

మీ అత్త,
అనంతమ్మ


మైసూరు,
11 ఆగస్టు 2013

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. ఇటుక బట్టీ అన్నావు చూడు! మా మేడమ్‌కు చూపిస్తే ఆవిడ కూడా కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. జడ సంగతి అంటావా, ఇక్కడ నీళ్ళు రోజుకు ఒక్క గంటే వస్తాయి. ఆ జడతో నేను వేగలేకపోయాను.

మేము ‘పని’ అనేది నువ్వు అనుకునే పని కాదు. ఇది వేరే. పుస్తకాల్లో దీని గురించి చాలా పెద్ద వివరణ ఉంది. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు, చూస్తే నీకే అర్థమవుతుంది. గిన్నెలు కడిగేది గిన్నెల కోసం కాదు, అంతవరకు చెప్పగలను.

ఇంకొకటి ఉంది, నిశ్శబ్దం ఆట. పిల్లలంతా ఊపిరి కూడా చప్పుడు కాకుండా కూర్చుంటారు. టీచరు గుమ్మం దగ్గర నిలబడి గుసగుసగా ఒక్కొక్కరి పేరు పిలుస్తుంది. పేరు వినపడినవాళ్ళు పిల్లిలా లేచి వస్తారు. నాకు ఒళ్ళు పులకరించింది.

ఇప్పుడు అసలు సంగతి. డిసెంబరు నుంచి మూడు నెలలు మాలో ప్రతి ఒక్కరం ఎక్కడో ఒక బడికి వెళ్ళి, ఒక టీచరును ఈ పద్ధతిలో తయారుచేయాలి. ఆ టీచరు ఒప్పుకుంటేనే. నవంబరు పదిహేనులోగా ఆమె పేరు ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే. ‘పెద్దగా చదువు లేని టీచరైతే ఇంకా మంచిది, మీరు నేర్పినట్టు స్పష్టంగా తెలుస్తుంది’ అన్నారు మేడమ్. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు! చిన్నప్పుడు నాకు అఆలు దిద్దించావు కదా, ఇప్పుడు నువ్వు నా స్టూడెంటువి. ఎలా ఉంది?

పిల్లలను చూసి రాసుకునే కాగితాలు కొన్ని దీనితో పంపుతున్నాను. పేరు, వయసు, చేసిన పని, ఎంతసేపు, సాయం, ఇతర విషయాలు. అంతే, సులువు. ఇప్పటినుంచే అలవాటు చేసుకో.

సరే అని తొందరగా రాయి. కారప్పొడి అడుగుకు వచ్చింది.

నీ
అరుణ


ఇబ్రహీంపట్నం,
30 ఆగస్టు 2013

అరుణ మేడమ్ గారికి,

నమస్కారములు. మీరు పంపిన ఉత్తరము మరియు కాగితములు అందినవి. విషయము తెలిసినది.

నేను అనగా అనంతమ్మ, వయస్సు యాభై ఏడు, అంగన్‌వాడీ టీచరుగా ఇరవై ఏడు సంవత్సరములనుండి పనిచేయుచున్నాను. ఇరవై ఏండ్లు వచ్చిన తరువాత పలక పట్టినాను. ఏడవ తరగతి ప్రైవేటుగా ఉత్తీర్ణురాలను. పెద్ద చదువు లేనిమాట వాస్తవము. మీ మేడమ్ గారు నా ఉత్తరము చూసి నవ్వినందుకు సంతోషము.

నిశ్శబ్దం ఆట విషయములో నాకు శిక్షణ అవసరము లేదు. చెవులు పోయిన నాటినుండి, అనగా నాలుగు సంవత్సరములుగా, రోజూ ఆడుచున్నాను.

ఈ నెల గుడ్లు రాలేదు. పిల్లలు పన్నెండు మంది. మీ తండ్రి జానయ్య క్షేమము.

కారప్పొడి పంపుటకు వీలుపడలేదు. వాన పడుచున్నది, మిరపకాయలు ఎండలేదు.

ఇట్లు,
అనంతమ్మ,
అంగన్‌వాడీ టీచరు


మైసూరు,
ఆదివారం

అత్తమ్మా,

‘మేడమ్ గారు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మిగతాది ఎలా చదివానో నాకే తెలియదు. నువ్వు నన్ను కొట్టినా బాగుండేది, ఆ రిపోర్టు భాషలో రాయకుండా ఉంటే చాలు.

తప్పు నాదే. నీ ఉత్తరం తీసుకెళ్ళి ఇంకొకరికి చూపించి నవ్వడం తప్పు. నీకు చదువు లేదన్న మాట నా చేత్తో రాయడం ఇంకా పెద్ద తప్పు. నా వేలు పట్టి దిద్దించిన చేతికి నేనేం నేర్పుతాను? పొగరు తలకెక్కింది, అంతే.

నిన్ను ఇక ఇబ్బంది పెట్టను. మీర్‌పేట్ బడిలో నాతో పనిచేసిన సంతోషి ఉంది కదా, ఆమెను అడుగుతాను. బాగా చదువుకున్నది, పద్ధతి తొందరగా పట్టుకుంటుంది. నీ సెంటర్‌లో ఇదంతా వద్దు. నువ్వు దీని గురించి ఇంకేమీ ఆలోచించకు, మర్చిపో.

ఇంటర్నల్ పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. తొందరలో రాస్తున్నాను. కోపం తగ్గాక ఒక్క మాట రాయి, ‘కోడలా’ అని.

అరుణ


ఇబ్రహీంపట్నం,
16 సెప్టెంబర్ 2013

కోడలా,

నీ దగ్గరినుంచి జవాబు ఇంక రాలే. అయినా ఆగలేక రాస్తున్న. మొన్నటి కాయితం కోపంల రాసిన. పోస్టు డబ్బాల ఏసినంక ఇంటిదాక తిట్టుకుంటనే వచ్చిన. నిన్ను గాదు, నన్నే. పిల్ల పరాయి ఊర్లె ఉంటే ఇట్లెవరన్న రాస్తరా?

నీకొకటి చెప్పాలె. గిది ఎవ్వలకు చెప్పలే, మీ బాపుకు గూడ. వాడు అప్పుడు పాలు తాగే పిల్లగాడు.

నా కుడి అరచేతిల అడ్డంగ గీత ఉంటది. చిన్నప్పుడు దాని మీద నీ వేలు పెట్టి ‘గిది ఎట్లయింది అత్తమ్మా’ అని అడుగుతుంటివి. కొడవలి కోసుకున్నదని చెప్పిన. అబద్ధం చెప్పిన బిడ్డా.

నాకు ఏడేండ్లప్పుడు మా నాయిన మంచాన పడ్డడు. నన్ను పటేలింట్ల జీతం పెట్టిన్రు. పొద్దుగాల పేడ తీసుడు, గిన్నెలు తోముడు, వాళ్ళ పిల్లగాని ఊయల ఊపుడు. ఒక దినం పట్నం నుంచి చుట్టాలొచ్చిన్రని అటక మీద నుంచి గాజు గిలాసలు దింపిన్రు. ఎర్ర పూలున్న గిలాసలు. అసొంటియి నేను అప్పటిదాక చూడలే. కడగమని నా చేతికిచ్చిన్రు. ఎండకు పట్టుకుని చూసిన, ఆ పూలు ఎంత మంచిగ మెరిసినయో. చూస్కుంట చూస్కుంటనే ఒకటి జారింది.

పెద్ద ముక్క పిడికిట్ల పట్టుకుని చెయ్యి ఎనుకకు దాసుకున్న. ‘చెయ్యి చూపెట్టు’ అన్నది పటేలమ్మ. నేను పిడికిలి ఇప్పలే. ఇంక గట్టిగ పట్టుకున్న. నెత్తురు కారి గచ్చు మీద పడ్డది. గిలాస పగిలినందుకు గాదు, గచ్చు ఖరాబైనందుకు కొట్టింది. ఆ తర్వాత గచ్చు నేనే కడిగిన, ఎడమ చేత్తోటి.

ఆ దినం సంది గాజు గిలాస ముట్టలే. ‘మూడేండ్ల పిల్లలు పని చేస్తరు, గాజు గిలాసలు పట్టుకుంటరు, ఎవ్వరు సాయం జేయరు’ అని నువ్వు రాస్తే నా కండ్లకు ఏం కనపడ్డదో ఇప్పుడన్న అర్థమైందా? ఆ మాటకు మీరిద్దరు నవ్విన్రంటే ఈడ గుండెల గుచ్చుకున్నది.

దీనికి మాత్రం నవ్వకు బిడ్డా. ఎవ్వలకు చూపెట్టకు. నీ చదువు సంగతి మనం కూసుండి మాట్లాడుకుందాం.

ఎండ కొట్టింది. కారప్పొడి పంపుతున్న.

మీ అత్త,
అనంతమ్మ


ఇబ్రహీంపట్నం,
27 సెప్టెంబర్ 2013

అరుణా,

నీ కాయితం అందింది. తారీఖు లేదు, వానకు పోస్టు ముద్ర గూడ చెదిరిపోయింది. ఉన్నా లేకున్నా ఒకటే. సంగతి అర్థమైంది.

నా చేతి ముచ్చట చదివి, ఈమెతోటి కాదనుకున్నవ్. మంచిదే. సంతోషి చదువుకున్న పిల్ల. మీ బాపు గూడ అదే చెప్పిండు, ‘అరుణకు మంచి టీచర్ దొరికింది’ అని చెయ్యి ఊపుకుంట.

‘మర్చిపో’ అని రాసినవ్. యాభై ఏండ్లాయె, మర్చిపోతే మర్చిపోకపోదునా? ఊకెనే రాసిన నీకు. నాదే తప్పు. ఆ కాయితం చింపెయ్యి.

మంచిగ చదువుకో.

అనంతమ్మ


మైసూరు,
3 అక్టోబర్ 2013

అత్తమ్మా,

నీకు దండం పెడత, ఈ కాయితం మొత్తం చదివినంకనే పక్కన పెట్టు.

ఆదివారం రాసిన ఆ కాయితం నీ చేతి ముచ్చట నాకు అందకముందు రాసింది. సెప్టెంబర్ పదిహేను. ‘మేడమ్ గారు’ అని రాసినవ్ చూడు, దానికి జవాబు. తొందరల తారీఖు ఎయ్యలే. మన కాయితాలు రెండూ తొవ్వల ఒకదాన్నొకటి దాటుకుని పోయినయి. ‘మర్చిపో’ అన్నది సెంటర్ సంగతి. నీ చేతిని మర్చిపొమ్మని నేనెట్ల అంట అత్తమ్మా? ఆ చేతి మీద పండుకునే కదా పెరిగిన.

నీ ముచ్చట మెస్సుల కూసుని చదివిన. సగం కాగానే పళ్ళెం పక్కకు నూకి బయటికి పోయిన. ఎవ్వలకు చూపెట్టలే, చూపెట్ట. చింపెయ్యను గూడ. నువ్వు తిట్టినా సరే. ‘కొడవలి కోసుకున్నది’ అంటే ఇన్నేండ్లు నమ్మిన. నేను అడిగినప్పుడల్ల నువ్వు చెయ్యి ఎట్ల మూసుకుంటుంటివో ఇప్పుడు గుర్తొస్తున్నది.

తెల్లారి బడికి పోతే, ఒక పిల్లగాడు నా కండ్ల ముందరనే గిలాస పగులగొట్టిండు. ఒక్కరు గూడ అరవలే. వాడే పోయి మూలకున్న చిన్న చీపురు తెచ్చుకున్నడు. అంతకుముందు గసొంటిది పదిసార్లు చూసిన, పదిసార్లు సంబురపడి రాసుకున్న. ఆ దినం రాయరాలే. వాని అరచేతి దిక్కే చూస్కుంట కూసున్న.

నేను చదివిన పుస్తకాలల్ల పని అన్న మాట మీద నూరు పేజీలున్నయి. నీకు మాత్రం ఒక్క మాటల చెప్పలేకపోయిన. గోడ మీద మనం రాసింది తప్పు గాదు. ఇక్కడ నేను చూస్తున్నది గూడ తప్పు గాదు. రెండూ ఎట్ల నిజమో చెప్పనీకి నా దగ్గర మాట లేదు. నీకు చెప్పరానిదాన్ని, నేనేం టీచర్లను తయారు చేస్త?

సంతోషి సరే అన్నది. నేనే వద్దన్న. ఫారంల ‘టీచర్ పేరు’ అన్న కాడ ఖాళీ పెట్టిన. నవంబర్ పదిహేను ఆఖరు. ఖాళీగనే పోతే పోనీ, వచ్చే ఏడు మళ్ళ కూసుంట. ఒక్కటి మాత్రం అడుగుత. నీకు నేర్పనీకి గాదు, నీ పక్కన కూసుండి చూడనీకి రావొచ్చునా?

నీ కోడలు,
అరుణ


ఇబ్రహీంపట్నం,
1 నవంబర్ 2013

కోడలా,

ఇగో, ఇప్పుడు రాసినవ్ మన తెలుగు. నెల దినాలు జవాబు రాయలేదని ఏడ్సుకుంట కూసున్నవేమో. ఊకో. చెప్పేది మస్తున్నది.

ముందుగాల నా దొంగతనం ఒప్పుకోవాలె. నీ అక్టోబర్ కాయితం రాకముందే, నీ మీది కోపంతోటి, నీది తప్పని చూపెడదామని, అంగట్లకు పోయి ఆరు గాజు గిలాసలు, ఒక చిన్న కూజ కొన్న. ముట్టుకోనీకి చెయ్యి రాలే. దుకాణపాయనతోటే కాయితంల చుట్టించి సంచిల ఏయించుకున్న. సెంటర్ల రజియా బేగం ఇప్పింది. ‘ఏందే అనంతమ్మా, గిలాస కరుస్తదా?’ అని నవ్వింది.

చాప ఏసి, దాని మీద కూజ, రెండు గిలాసలు పెట్టి, ‘చూద్దాం, ఎట్ల చేస్తరో’ అని మూలకు కూసున్న. పన్నెండు మందిల ఎవరొచ్చిన్రనుకున్నవ్? తలుపు కాడి మెహెక్. మెల్లగ వచ్చి కూసున్నది. కూజ ఎత్తింది. నీళ్ళన్ని చాప మీదనే. నా చెయ్యి ఊకె ముందుకు పోతున్నది. పట్టుకుందామా, గుంజుకుందామా అని. ఇగ లాభం లేదని నా చెయ్యి నేనే తొడ కింద పెట్టుకుని కూసున్న. గిది గూడ మీ చదువుల నేర్పుతరా?

మూడు దినాలు ఒలకపోసింది. నాలుగో దినం ఒక గిలాస నింపింది. నన్ను చూసి నవ్వలే, ఎవ్వలనీ చూడలే. దాని నాలుక కొంచెం బయటికి పెట్టి, కండ్లు నీళ్ళ మీదనే. తర్వాత గుడ్డ తెచ్చి చాప తుడిసింది. ఎవ్వలు చెప్పలే. ఆ పొద్దు గుడ్డు మొత్తం తిన్నది. వారం దినాలకు, నేను కూజల నీళ్ళు పోయబోతే నా కొంగు గుంజి ‘నేనే’ అన్నది. నాకు ఇనపడలే, దాని మూతి చూసి తెలుసుకున్న. రజియా బేగంతోటి చెప్తే ఆమె నా రెండు చేతులు పట్టుకున్నది.

నీది తప్పని చూపెడదామనుకుంటిని గదా, అందుకే నీకు రాయలే. సిగ్గయింది.

నిన్న పగిలింది.

చప్పుడు నాకు ఇనపడలే. పిల్లలందరు ఒక్కసారి ఇటు తిరిగిన్రు. వాళ్ళు గిలాసను చూస్తలేరు అరుణా, నా చెయ్యి దిక్కు చూస్తున్నరు. నేను ఎన్నడూ ఎవ్వల మీద చెయ్యి ఎత్తలే, అయినా నా చెయ్యినే చూసిన్రు. మెహెక్ రెండు చేతులు ఎనుకకు పెట్టుకున్నది. పోయి దాని ముందర కూసున్న. ‘చూపెట్టు’ అననీకి నోరు రాలే. నా పిడికిలే ముందరికి చాపి ఇప్పిన. గీత చూసింది. జరసేపు చూసి, అది గూడ పిడికిలి ఇప్పింది. చిన్న ముక్క. కోసుకోలే, దేవుని దయ.

చీపురు తేనీకి నేను లేస్తే, మళ్ళ గదే మాట, ‘నేనే’. ముక్కలున్నయని నేను చాట పట్టుకున్న, అది ఊడ్సింది. అందరు కాళ్ళు దగ్గరికి తీసుకుని కూసుండి చూసిన్రు. అంతా అయినంక ఏం చేసిందో ఎర్కనా? ఇంకో గిలాస తెచ్చి నా ముందర పెట్టింది. కూజ నా దిక్కు నూకింది. ‘అవ్వా, గిప్పుడు నువ్వు’ అన్నది.

నీ పుస్తకాలల్ల దొరకని మాట ఒకటి చెప్తా, రాసుకో. పని చేయించుడు వేరే, పని చేసుకునుడు వేరే. నాతోటి చేయించిన్రు. మెహెక్ చేసుకున్నది. గంతే బిడ్డా, నూరు పేజీలెందుకు? గోడ మీద మనం రాసింది నేను తుడుపలే, తుడుప. ‘చేయించరాదు’ అనే కదా రాసినం, అది ఎన్నటికీ నిజమే. నువ్వు వచ్చినంక దాని కింద రెండో మాట రాద్దాం. డబ్బా నేను పట్టుకుంట, కుంచె నువ్వు పట్టుకో.

ఆ ఖాళీల నా పేరు రాయి. మీ మేడమ్‌కు చెప్పు, టీచర్‌కు పెద్ద చదువు లేదు గాని నోరు మస్తు పెద్దదని. నాకు నేర్పు, నేను నీకు నేర్పుత. నిశ్శబ్దం ఆట గూడ ఆడదాం. అందరు ఊకున్నరా లేదా అని మెహెక్ నా మోకాలు తట్టి చెప్తది.

నువ్వు పంపిన కాయితాలు మెహెక్ పేరు మీద పంతొమ్మిది నింపిన. వచ్చినంక చూద్దువు. ఆఖరుది ఒకటి మాత్రం దీనితోటి పంపుతున్న. వయసు కాడ తప్పు పడ్డదనుకుని దిద్దకు.

మీ అత్త,
అనంతమ్మ

పేరు: అనంతమ్మ.
వయసు: ఏడు.
చేసిన పని: గాజు గిలాసల నీళ్ళు వంపుకున్నది.
ఎంతసేపు: గడియారం చూడలే.
సాయం: ఎవ్వరు చేయలే. మెహెక్ పక్కన కూసున్నది.
ఇతర విషయాలు: కొన్ని నీళ్ళు ఒలికినయి. ఎవ్వరు ఏమనలే. మిగిలిన నీళ్ళు ఆ గిలాసతోటే తాగింది.